నాలుగు రోజుల డాక్టరేటు

సూరత్‌లోని మా తెలుగు సంఘంలో పేరు ముందు డాక్టర్ అని పెట్టుకున్నవాళ్ళు అప్పటికి నలుగురు. ఆ నలుగురిలో ఒక్కరికీ నాడి చూడటం రాదు. అవన్నీ గౌరవ డాక్టరేట్లు. ఏదో ఊళ్ళో ఫంక్షన్ హాల్లో రెండు రోజుల సదస్సు జరుగుతుంది. చివరి రోజున నల్ల గౌను తొడిగి, కుచ్చు వేలాడే టోపీ పెట్టి, చుట్టిన కాగితం చేతికిచ్చి ఫోటో తీస్తారు. ఆ తర్వాతి ఆదివారం మేం సంఘంలో శాలువా కప్పి చప్పట్లు కొడతాం. ఇందులో నాకెప్పుడూ పెద్ద తప్పు కనిపించలేదు. పగలంతా మగ్గాల మధ్య నిలబడి, సాయంత్రం సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే మనిషికి ఒక్కరోజు గౌను వేస్తే దేవుడికి వచ్చే నష్టమేమీ లేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, డాక్టరేటు రావడం మాలో వింత కాదని తెలియకపోతే నేను ఎగతాళికి రాసిన ఒక మాటను అంతమంది ఎలా నమ్మారో అర్థం కాదు.

నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగమే. పెళ్ళయి సూరత్‌లోని ఈ పర్వత్ పాటియా పేటకు వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తున్నాను. మా ఆయన మగ్గాలు నడుపుతాడు. లేఖనం మాత్రం నాకు చిన్నప్పుడే వంటబట్టింది. మా అమ్మకు అక్షరాలు రావు. రాత్రి నాచేత ఒక అధ్యాయం చదివించుకుని, పొద్దున్నే పొయ్యి ముందు కూర్చుని పొల్లుపోకుండా తిరిగి చెప్పేది. నేను చదివేటప్పుడు ఒక మాట మింగితే పట్టుకునేది. ఆ భయంతోనే నాకు వాక్యం నోటికి వచ్చింది. మా చాల్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళం మా గదిలో కూడుకుని చదువుకోవడం అప్పటికి పదమూడేళ్ళుగా నడుస్తోంది. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు రాళ్ళు అంటిస్తూ వింటారు. ఎక్కడైనా అర్థం కాకపోతే పని ఆపి అడుగుతారు. మా బోధ అంతా అక్కడే జరిగింది.

చాల్ అంటే రెండు వరుసల గదులు. ఎదురెదురుగా, మధ్యలో సన్నని వాకిలి. పై అంతస్తులో గదుల ముందు పొడవాటి గ్యాలరీలుంటాయి. ఇటు గ్యాలరీలో నిలబడి మాట్లాడితే అటు గ్యాలరీలో వినిపిస్తుంది. తెలుగువాళ్ళం ఎక్కువ. మా సంఘం కుటుంబాలే తొమ్మిది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఎదుటి వరుసలోని అన్న పోయాడు. సొంత అన్న కాదు, నోరారా పిలుచుకున్న అన్న. మా ఆయనతో ఒకే కార్ఖానాలో పని చేసేవాడు. సంఘంలో డోలక్ వాయించేవాడు. నా బాప్తిస్మం రోజున డుమస్ సముద్రపు నీళ్ళలో నడుము లోతున నిలబడి, డోలక్ లేకపోతే చేతులతో తాళం వేసి పాడించిన మనిషి. ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ముఖం కూడా చూపించలేదు. ఆయన బట్టలు, ఫోను ఒక ప్లాస్టిక్ కవర్లో కట్టి ఇచ్చారు. వదిన, కూతురు పద్నాలుగు రోజులు గది తలుపు దాటలేదు.

మాలో మనిషి పోయిన ఇంట్లో ఆదరణ కూడిక జరుగుతుంది. సంఘమంతా ఆ ఇంటికి వెళ్ళి పాటలు పాడతారు, ఒకరు వాక్యం చెబుతారు, ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళు అందరితో కలిసి అన్నం తింటారు. అది జరిగేదాకా ఆ కుటుంబం ఇంకా సమాధి దగ్గరే నిలబడి ఉన్నట్టు లెక్క. కూడిక అయ్యాకనే వాళ్ళు మళ్ళీ మనుషుల్లోకి వస్తారు. ఆ రోజుల్లో కూడికలు ఫోన్‌లోనే పెట్టుకునేవాళ్ళం. అందరికీ లింకు వస్తుంది, వాక్యం ఎవరు చెప్పాలో పెద్దలు నిర్ణయిస్తారు. మా పాస్టరుగారు అప్పుడు జ్వరంతో పడి ఉన్నారు. అందువల్ల అన్నీ చూసేది సంఘ పెద్ద.

వదిన పద్నాలుగు రోజులు ముగియడానికి ముందు రోజున మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పంపింది హైదరాబాద్ బోధకుడు. ఏడాదికోసారి మా కూటాలకు వచ్చే పెద్దమనిషి. ఆయన పేరు ముందు కూడా డాక్టర్ ఉంది. దేవుని నీడలో నిలిచినవాడి గుడారం దగ్గరికి తెగులు రాదని లేఖనం చెబుతోందనీ, వచ్చిందంటే ఆ కుటుంబంలో విశ్వాసం ఎక్కడ సన్నగిల్లిందో వాళ్ళు పరీక్షించుకోవాలనీ చెప్పాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ఆ నెలలో మా సంఘంలో పోయింది ఒక్కరే.

వదిన ఆ రోజే అన్న ఫోను కవర్లోంచి తీసి ఛార్జింగ్ పెట్టింది. అందులో మొదట విన్నది అదే.

మర్నాడు పొద్దున నేను ఇటు గ్యాలరీలోంచి పిలిచాను. "వదినె, ఏమన్న తిన్నవా?"

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "కూడిక వద్దు చెల్లె," అంది.

"ఎందుకు వద్దు?"

"ఆయనల ఏం లోపముండెనో, నాల ఏం లోపముండెనో. గంత పెద్దాయన ఊకెనే అంటడా? నలుగుర్ల కూసోని నేనేమని ఏడ్వాలె?"

కిటికీ మూసేసింది. మధ్యాహ్నం సంఘ పెద్దకు ఫోన్ చేస్తే ఆయనా అదే దారిలో ఉన్నాడు. "జర ఆగుదాం సిస్టర్. గాయన అట్ల అన్నంక మనం వెంటనే కూడిక పెడితే ఆయనకు ఎదురు నిలబడ్డట్టుంటది."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం పాపమని నేనిప్పటికీ అనుకోవడం లేదు. గ్రూపులో రాశాను. ఒళ్ళంతా పుండ్లతో బూడిదలో కూర్చున్న నీతిమంతుడి కథ లేఖనంలోనే ఉంది. ఆయన్ని చూడటానికి ముగ్గురు స్నేహితులు వచ్చి, నీలో ఏదో పాపం ఉండబట్టే ఇలా అయిందని అధ్యాయాలకు అధ్యాయాలు బోధించారు. చివరికి దేవుడు కోప్పడింది బూడిదలో ఉన్న మనిషి మీద కాదు, ఆ ముగ్గురి మీద. ఇది రాసి, "అయ్యగారూ, మీ మెసేజ్ ఆ ముగ్గురి మాటలా ఉంది, దయచేసి తీసేయండి" అని ముగించాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "సిస్టర్, లేఖనాన్ని వ్యాఖ్యానించడం పిల్లలాట కాదు. మీ క్వాలిఫికేషన్ ఏమిటి? ఏ బైబిల్ కాలేజీలో చదివారు? తెలుసుకోవచ్చా?"

అందరూ చదివారు. నేను ఇలా రాశాను:

"వందనాలు అయ్యగారూ. నేను కూడా డాక్టరేటు చేశానండి. విషయం, నీతిమంతుల శ్రమలు. కాలేజీ పర్వత్ పాటియాలో, మా వంట పొయ్యి పక్కన. పదమూడేళ్ళు పట్టింది. నా గైడ్ అక్షరాలు రాని మా అమ్మ. ఆఖరి పరీక్ష మొన్న మా అన్న పోయినప్పుడు జరిగింది."

నవ్వే బొమ్మ పెట్టలేదు. చావు గురించి మాట్లాడుతూ పళ్ళికిలించే బొమ్మ పెట్టడానికి నాకు చేతులు రాలేదు. పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

ముందు ఒక చేతుల దండం బొమ్మ వచ్చింది. తర్వాత "దేవునికి స్తోత్రం". తర్వాత "కంగ్రాట్స్ సిస్టర్, ఇన్నాళ్ళూ చెప్పలేదు". ఒక అక్క వాయిస్ పంపింది: "చూసిన్రా, ఇంట్లనే కూసోని, పొయ్యి పక్కనే పెట్టుకోని చదివిందట. పదమూడేండ్లట. మనం ఫోన్ల సీరియళ్ళు చూసుకుంట కూసుంటం."

అప్పుడు నాకు వెలిగింది. ఆ ఏడాది బడులన్నీ ఇంట్లోకే వచ్చాయి. పిల్లలు మంచం మీద కూర్చుని పరీక్షలు రాస్తున్నారు. కార్ఖానా లెక్కలు రాసేవాడు వంటింట్లోంచే పని చేస్తున్నాడు. పొయ్యి పక్కన కాలేజీ అంటే ఎవరికీ నవ్వు రాలేదు. కరస్పాండెన్స్ అనుకున్నారు.

మా ఆయన కూడా ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఎప్పుడు చేసినవే?"

"ఏంది చేసుడు?"

"గీ డాక్టరేటు. నాకెన్నడు చెప్పకపోతివి."

"నువ్వు డ్యూటీకి పోయినప్పుడు చేసిన," అన్నాను, విసుగ్గా.

ఆయన ఫోను మళ్ళీ చూసుకున్నాడు. "మల్ల కాగితం పోస్టుల వస్తదా?"

నేను నవ్వలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా నా పక్కన ఉన్న మనిషే కాగితం గురించి అడుగుతుంటే మిగతావాళ్ళను ఏమనాలి?

సాయంత్రానికి పోస్టర్ వచ్చింది. మా సంఘం సెక్రెటరీ అన్న చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేసే పనిలో ఉన్నాడు. మార్కెట్ మూసేశాక ఖాళీగా ఉండి, పుట్టినరోజుకీ పెళ్ళిరోజుకీ అందరికీ పోస్టర్లు చేసి పంపుతుండేవాడు. నాకు చేసింది ఇంకా శ్రద్ధగా చేశాడు. ఎవరో పెళ్ళిలో తీసిన నా ముఖాన్ని ఒక నల్ల గౌను మీద అతికించి, తల మీద టోపీ పెట్టి, చుట్టూ పమిటంచు పూలు వేశాడు. కింద పెద్ద అక్షరాల్లో నా పేరు, దాని ముందు డాక్టర్.

వెంటనే ఫోన్ చేశాను. "అన్నా, గది నవ్వులాటకు రాసిన. నేను ఏ డాక్టరేటు చెయ్యలే. పోస్టర్ తీసెయ్యి."

"తగ్గించుకోకు చెల్లె. తగ్గించుకునేటోళ్ళనే దేవుడు హెచ్చిస్తడు."

"నేను తగ్గించుకుంటలేనన్నా. నిజం చెప్తున్న."

"గిదే గదా తగ్గింపంటె," అని సంతోషంగా పెట్టేశాడు.

గ్రూపులోనూ రాశాను, అది ఎగతాళి మాత్రమే అని. దానికి కూడా దండాలే వచ్చాయి. ఎంత వినయమో చూడండి అన్నారు. నేను ఎంత కాదంటే అంత ఔననుకున్నారు.

ఇంకో సంగతి జరిగింది. హైదరాబాద్ బోధకుడు మళ్ళీ రాశాడు. "డాక్టర్ సిస్టర్‌గారికి వందనాలు. మీరు చూపించిన కోణం కూడా వాక్యానుసారమే. ఇద్దరం పరిచారకులమే కదా." మధ్యాహ్నం నేను రాసిన మాటలో ఒక్క అక్షరం మారలేదు. మధ్యాహ్నం అది పిల్లలాట. గౌను తొడిగాక వాక్యానుసారం అయింది.

మర్నాడు సంఘ పెద్ద ఫోన్ చేశాడు. "డాక్టరమ్మా, ఆదివారం సాయంత్రం ఆదరణ కూడిక పెడదాం. వాక్యం నువ్వే చెప్పాలె. మన దాంట్లనే డాక్టరున్నంక బయటోళ్ళెందుకు? గాయన కూడ లింకుల కూసుంటనన్నడు."

"అన్నా, నేను డాక్టర్‌ని కాదు."

"సరే సరే. ఐదింటికి."

ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. నేను కోరుకున్నది నా చేతికే వచ్చింది. వదిన ఇంటి కూడిక జరుగుతుంది. ఆ బోధకుడి ఎదుటే, సంఘమంతా వింటుండగా, అన్నలో ఏ లోపమూ లేదని చెప్పవచ్చు. దానికి నేను చేయాల్సిందల్లా ఇంకేమీ మాట్లాడకుండా ఉండటం.

పాస్టరమ్మగారికి ఫోన్ చేశాను. మా సంఘంలో ఆ మెసేజ్ చదివి నవ్విన ఒక్క మనిషి ఆమే. "నాకు తెల్సు నువ్వు ఎకసెక్కమాడినవని," అంది. "కని ఇప్పుడు గట్టిగ కాదనకు. కూడిక కానియ్యి. మీ వదినె మొగం జూడు. తర్వాత చెప్పుకోవచ్చు."

ఆమె మాటను తేలిగ్గా తోసేయలేకపోయాను. లేఖనంలోనే ఒకామె ఉంది. దేవుని ప్రజలు పంపిన వేగులవాళ్ళను ఇంటికప్పు మీద జనుపకట్టె కింద దాచి, ఇక్కడ ఎవరూ లేరని రాజభటులకు చెప్పింది. దేవుడు ఆమెను కాపాడాడు కూడా. రెండు రోజులు రాళ్ళు అంటిస్తూ ఆమె గురించే ఆలోచించాను. ఆమె అబద్ధం చెప్పింది శత్రువుకు. నేను చెప్పబోయేది వదినకు. నీ భర్తలో లోపం లేదు అని ఒక డాక్టర్ చెబితే వదిన నమ్ముతుంది. నేను డాక్టర్‌ని కానని రేపు తెలిసినప్పుడు ఆ మాట కూడా నాతో పాటే కూలిపోతుంది. లేదా నాకంటే పెద్ద గౌను ఉన్నవాడు వచ్చి మళ్ళీ కాదంటాడు. ఓదార్పు కాగితం మీద నిలబడితే ఇంకో కాగితం దాన్ని పడగొడుతుంది. మా అమ్మ నిరక్షరాస్యురాలు. ఆమె ఎప్పుడూ ఎవరి పేరూ చెప్పి వాక్యాన్ని నమ్మించలేదు.

శనివారం మధ్యాహ్నం, ఫోన్‌లోనే ఆడవాళ్ళ చదువు అయ్యాక, గ్రూపులో రాశాను. ఈసారి ఎవరూ తగ్గింపు అనుకోవడానికి వీల్లేకుండా రాశాను. "నేను తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను. ఏ కాలేజీలోనూ చేరలేదు. ఇంట్లోంచీ చదవలేదు, కరస్పాండెన్స్‌లోనూ చదవలేదు. డాక్టరేటు లేదు. హైదరాబాద్ అయ్యగారు నా క్వాలిఫికేషన్ అడిగితే ఎద్దేవా చేయడానికి అలా రాశాను. నమ్మినవాళ్ళందరికీ నా క్షమాపణ. నేను ఆ రోజు లేఖనం గురించి చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోను. అది డాక్టరేటు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. రేపు ఐదింటికి కూడికలో అదే చెబుతాను."

తర్వాత ఒక్కొక్కరే పోస్టర్ కింద పెట్టిన దండాలు తీసేసుకోవడం చూశాను. సెక్రెటరీ అన్న పోస్టర్ తీసేశాడు. నేను నాలుగు రోజులు అడిగితే వినని మనిషి, నాలుగు నిమిషాల్లో తీసేశాడు.

సంఘ పెద్ద వెంటనే ఫోన్ చేశాడు. "ఏంది సిస్టర్ గిది? దైవజనుణ్ణి ఎక్కిరిస్తవా? గాయన ఎంత బాధపడ్డడో ఎర్కనా?"

"వదినె ఎంత బాధపడ్డదో ఎర్కనా అన్నా?"

"గది వేరే, గిది వేరే. ఇప్పుడే గ్రూపుల గాయనకు క్షమాపణ రాయి. రాస్తెనే రేపు కూడిక."

"నమ్మినోళ్ళకు రాసిన. గాయనకు రాయను."

"అయితే లింకు రాదు."

"రాకపోతే రాకపాయె," అన్నాను. ఫోన్ పెట్టేశాను. నా మొండితనం వల్ల వదిన కూడిక పోయింది. మా ఆయన అన్నీ విన్నాడు. "లింకుంటేనే కూడికయితదా?" అన్నాడు. "గదేం కరెంటా?"

ఆదివారం ఐదింటికి నేను ఇటు గ్యాలరీలోకి వచ్చి పాట ఎత్తుకున్నాను. ఇటు వరుసలో ఐదు గుమ్మాలు, అటు వరుసలో మూడు గుమ్మాలు తెరుచుకున్నాయి. ఎవరి గుమ్మంలో వాళ్ళు, ముఖాలకు మాస్కులతో, పైట కొంగులతో. మగ్గాలు బందై ఉండటం వల్ల వాకిలంతా నిశ్శబ్దంగా ఉంది, గొంతులు బాగా వినిపించాయి. మా పక్క గదిలో మేం బెన్ అని పిలిచే గుజరాతీ అక్క ఏం జరుగుతోందని అడిగి, తెలుసుకుని, ఆమె కూడా చేతులు జోడించుకుని నిలబడింది. వదిన తలుపు మాత్రం తెరుచుకోలేదు.

నేను వాక్యం ఎక్కువ చెప్పలేదు. ఆ ముగ్గురు స్నేహితుల గురించే చెప్పాను. వాళ్ళు వచ్చిన మొదటి ఏడు రోజులు బూడిదలో ఆయన పక్కన కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచిన రోజు నుంచే తప్పు మొదలైంది. అందుకే మనం కూడా ఇప్పుడు నోరు మూసుకుని నిలబడదామన్నాను. అందరం అలాగే నిలబడ్డాం. ఎంతసేపో నాకు తెలియదు. కింద ఎవరిదో కుక్కర్ కూత పెట్టి ఆగింది.

వదిన తలుపు తెరుచుకుంది. మెడ దాకా కొంగు కప్పుకుని గ్యాలరీలోకి వచ్చింది. కూతురు వెనకాల. కొంచెంసేపు గోడ పట్టుకుని నిలబడి, అందరి ముఖాలూ ఒకటొకటిగా చూసింది.

"మా ఆయన ప్రార్థన చెయ్యకుంట ఒక్క పూట బువ్వ ముట్టలె," అంది. గొంతు గట్టిగానే ఉంది. "దవాఖాన్ల గాలాడకున్న గని ఫోన్ల నాతోని పాట పాడిపిచ్చిండు. గాయనకు విశ్వాసం తక్కువుండె అనేటోళ్ళు ఎవరన్న ఉంటె, నా ముందటికొచ్చి చెప్పున్రి."

ఆమె మళ్ళీ అడిగింది. "చెప్పున్రి."

"లేదక్కా," అంది ఎదుటి వరుసలో ఎవరో. "లేదు," అన్నారు మిగతావాళ్ళు. మా ఆయన కూడా అన్నాడు.

క్షమాపణ నేను ఇప్పటికీ రాయలేదు. నన్ను గ్రూపులోంచి తీసేశారు, మళ్ళీ చేర్చారు, ఇప్పుడు కూడా అడుగుతూనే ఉంటారు. నా పేరు ముందు ఏమీ లేదు. పేరు వెనకాల వాక్యం ఉంది, అది ఎవరి సదస్సులోనూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేరు.

ఆ సాయంత్రం అన్నం ఒక చోట కూర్చుని తినే వీలు లేదు. ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చి వదిన గుమ్మం ముందు పిట్టగోడ మీద పెట్టి వెనక్కి వచ్చారు. ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని, ఆమెకు కనిపించేలా కంచాలు పట్టుకున్నారు. వదిన అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా మేమెవరం తినలేదు. ఆమె తింది. పచ్చిపులుసు ఎవరు చేసిన్రు, ఉప్పు జర తక్కువైంది అంది.